సిమెంటు కింద చౌడు

ఆ బుధవారం పొద్దున మా ఇంట్లో గొడవ క్యాలెండర్ గురించి.

మా చర్చి వాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండర్ వంటింటి తలుపు వెనక వేలాడుతుంది. అది నాది. గ్యాస్ బుక్ చేసిన తేదీ మీద నీలం చుక్క పెడతాను. స్త్రీల సమాజం కూడుకునే రోజుకు ఎర్ర సున్న చుడతాను. ఇంకెవరూ దాని మీద గీత గీయకూడదు. ఇరవై రెండేళ్ళుగా నంద్యాలలోని ఈ ఇంట్లో ఇదే చట్టం. అలాంటిది శనివారం చుట్టూ ఎర్ర సున్న కనపడింది. నేనే చుట్టి మరిచిపోయానేమో అనుకొని, సమాజం శనివారమేనని పరంజ్యోతి అక్కకు ఫోన్ చేసి చెప్పేశాను. ఆమె పదిమందికి చెప్పేసింది. తర్వాత దగ్గరికి పోయి చూస్తే ఆ సున్న నాది కాదు. నేను చుట్టిన సున్న మొదలూ చివరా కలుస్తాయి. ఇది కలవలేదు.

"ఎవరు గీసినారు దీన్ని?" అన్నాను.

"నేను గాదు," అన్నారు మా ఆయన శాంసన్, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టరు. వేసవి సెలవులు కాబట్టి పేపరు రెండుసార్లు చదువుతున్నారు.

"నేనూ గాదు మా," అంది మా అమ్మాయి జెస్సికా.

"మనోజ్ గీసినాడు," అంది మా అత్తమ్మ హన్నమ్మ, మునగాకు దూస్తూ. "నిన్న నువ్వు కూరగాయలకు పోయినప్పుడు వచ్చి గీసిపోయినాడు. దానికింత రాద్ధాంతమేందీ? కాగితమే గదా."

"కాగితమే అత్తా. శనివారం పదిమంది ఆడోళ్ళు ఈ ఇంటి మీదికొస్తే మీ చిన్నకొడుకు టీ కాస్తాడా?"

"వాడేం కాస్తాడు! వాడికి శనివారం తీరుబడి యాడుంటాది? జేసీబీ వస్తాది."

ఆ మాట అని ఆమె మళ్ళీ మునగాకులో పడింది. శాంసన్ పేపరు దించారు. నాకు ఎర్ర పెన్ను సంగతి మనసులోంచి పోయింది.

జేసీబీ రాబోయేది ఆళ్ళగడ్డలోని మట్టికప్పు మిద్దెకు. అది అత్తమ్మ పుట్టిల్లు. ఆమె నాయన ఓబయ్య బండలు కొట్టే పనివాడు. ఆయనకు ఈమె ఒక్కతే బిడ్డ కాబట్టి ఇల్లు ఈమె పేరు మీదికి వచ్చింది. రెండేళ్ళుగా అద్దెకు ఎవరూ లేరు. పోయిన నెల మా మరిది మనోజ్ భార్యతో కలిసి చూడబోయినప్పుడు, ఆమె కూర్చుని లేచిన అరుగు మీదే కప్పులోంచి మట్టిపెళ్ళ పడింది. ఆ రోజు నుంచి మనోజ్‌కు నిద్ర లేదు. ఎవరో ఇంజనీరును తీసుకుపోయి చూపించాడు. ఆయన గడపలోనే నిలబడి, "ఇది ఎప్పుడో పడాల్సింది," అన్నాడట. మనోజ్‌కు నంద్యాలలో మందుల షాపు ఉంది. ఆళ్ళగడ్డలో ఇంకొకటి పెట్టాలని ఎన్నాళ్ళుగానో ఉంది. మిద్దె తీసేసి కింద షాపు, పైన రెండు ఇళ్ళు కడదామన్నాడు. అత్తమ్మ "సరే కానీ" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మాట్లాడకుండా ఉండటం ఆమెకు చేతకాదు. అందుకే ఆ "సరే కానీ" నాకు మొదటి రోజు నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

"లోపల ఏమన్నా సామాను ఉంటే ముందే తెచ్చుకోమన్నాడు," అంది అత్తమ్మ. "నాకేమీ వద్దు."

"మీకు వద్దులే. నేను చూసొస్తా," అన్నాను. "పాత ఇత్తడి గుండిగ ఒకటి ఉండాల."

గంటలో బస్సు ఎక్కాం. నేనూ, జెస్సికా, వద్దువద్దంటూనే మాకంటే ముందు చెప్పులేసుకున్న అత్తమ్మా. శిరివెళ్ళ దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. పది రోజుల కింద ఒక గాలివాన కురిసి పోయింది. చేలల్లో దాని జాడ కూడా లేదు. ఎండ మండిపోతోంది.

"అవ్వా, ఆ ఇంటికి మొదట్లో మెట్లు లేవంట గదా?" అని జెస్సికా కదిలించింది.

"అవును పాపా, లేవు. కట్టనీలేదు. మా పేటలో అదే మొదటి మిద్దె. అంతకుముందు అన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. మా నాయన పనికి పోయిన కాడల్లా కూలి బదులు బండలు అడిగి, పదకొండేండ్లు మోసి కట్టినాడు. కట్టినాక పెద్దవీధోళ్ళు వచ్చి, నువ్వు మిద్దె కట్టుకుంటే కట్టుకో ఓబయ్యా, పైకెక్కి మా పెరట్లోకి చూసేటట్ల మెట్లు మాత్రం పెట్టొద్దు అన్న్యారు."

"మరి పైకెట్ల పోయేటోళ్ళు?"

"ఇంట్లోంచే. కప్పులో గవాచి కంత ఉంటాది, దాంట్లోంచి నిచ్చెన. ఏటా రోహిణి కార్తెలో, వానలు పడకముందే, కప్పు మీద కొత్త చౌడు మన్ను పరచాల గదా, ఆ గంపలన్నీ గవాచి లోంచే. సన్నగా ఉంటానని నన్ను ముందు పైకి తోసేటోళ్ళు. మొగం నిండా మన్నే." అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఆళ్ళగడ్డలో దిగి ఇంటి దాకా నడిచాం. రోడ్డు వైపు పశువుల కొట్టం ఒక పక్కకు ఒరిగింది. దాని వెనక మిద్దె. మూడంకణాలు, అంటే దూలాల వరసలను బట్టి మూడు భాగాలు: ఒక గది, నడుమ పడసాల, చివర వంటిల్లు. గోడలు నల్లబండవి. ఒక్క రాయి కదలలేదు. లోపలికి పోతే పడసాల కప్పు మాత్రం చూడ్డానికి భయమేసింది. నడిమి దూలం ఉయ్యాల తాడులా కిందికి వంగింది. గోడ మీద పచ్చటి తడి మరకలు. గవాచి, అదే కప్పులో వెలుతురు కోసం వదిలిన చదరపు కంత, దాని అంచులు రాలిపోయి పళ్ళూడిన నోరులా ఉంది.

"సూసినావా?" అంది అత్తమ్మ గడపలోనే నిలబడి. "వాడు చెప్పింది నిజమే."

నేను ఇత్తడి గుండిగ కోసం వంటింట్లోకి పోయాను. గుండిగ లేదు. ఎవరో ఎత్తుకుపోయారు. కానీ తల ఎత్తి చూసి అక్కడే నిలబడిపోయాను. వంటింటి కప్పు చెక్కుచెదరలేదు. దూలం గీత గీసినట్టు ఉంది. గోడకు మరక లేదు, మసి తప్ప. నేను మళ్ళీ పడసాలలోకి వచ్చి చూశాను. మళ్ళీ వంటింట్లోకి పోయాను. ఒకే ఇల్లు, ఒకే చేతిపని, ఒకే వాన. అక్కడ ఎందుకు కారింది, ఇక్కడ ఎందుకు కారలేదు?

"అత్తా, వంటిల్లు ఎందుకు ఉరవలేదు?"

"ఆడ పొయ్యి ఉండె గదా. పొగకు గట్టిపడింటాది."

"పొయ్యి వెలిగించి ఎన్నేండ్లాయ?"

ఆమె గడప మీద రాలిన మట్టిని కాలితో పక్కకు నెట్టింది.

తర్వాత ఎప్పుడో కట్టిన రాతిమెట్లు పెరటి వైపు ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు దోపుకొని పైకెక్కాను. కాళ్ళు కాలిపోయాయి. గది మీద, పడసాల మీద సిమెంటు. నెర్రెలు బారి, నెర్రెల్లో గడ్డి మొలిచి ఉంది. వంటింటి మీద సిమెంటు లేదు. తెల్లగా, నున్నగా, అరచేత్తో తట్టితే మట్టికుండలా పలికే పాత చౌడు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. నా పెళ్ళయిన మరుసటేడు. నేను కడుపుతో ఉన్నాను. ఆ మెట్ల కిందే కుర్చీ వేసుకొని కూర్చుని, సిమెంటు కలిపే వాళ్ళకు మజ్జిగ ఇచ్చాను. పని సాయంత్రానికి వంటింటి దాకా వచ్చేసరికి సిమెంటు అయిపోయింది. మిగతాది తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. పని అయ్యాక పేటలో వాళ్ళంతా వచ్చి, హన్నమ్మ మిద్దె ఇప్పుడు సిమెంటు మిద్దె అని మెచ్చుకుంటే నేను కూడా సంబరపడ్డాను.

మెట్లు దిగడం కాదు, దూకినంత పని చేశాను.

"అత్తా, చౌడు పరిచేది ఎవరు అప్పట్లో?"

"ఎందుకిప్పుడు?"

"పేరు చెప్పండి."

"మద్దిలేటి," అంది ఆమె, ఆ పేరు నోట్లో రాయిలా తగిలినట్టు.

మద్దిలేటి ఇల్లు రెండు సందుల అవతలే. డెబ్బై ఏళ్ళు పైబడిన మనిషి. నులకమంచం మీద కూర్చుని రేడియోకు బ్యాటరీ వేసుకుంటున్నాడు.

"ఎవురమ్మా నువ్వు?"

"హన్నమ్మ కోడల్ని. మిద్దె ఒకసారి చూస్తారా?"

"హన్నమ్మ కోడలివా? అయితే నేను రాను."

"ఏంది తాతా, అట్లంటావు?" అంది జెస్సికా.

"ఇరవై ఒక్క ఏండ్లాయ నేను ఆ మిద్దె ఎక్కక. చౌడు గంప నెత్తిన పెట్టుకొని ఆ ఇంటికాడికి పోతే, నీ మన్ను ఎవురికి కావాల పో, మేం సిమెంటు ఏపిస్తాండాం అన్న్యాది మీ అవ్వ. నడివీధిలో. గంపతో నేను ఎనక్కొచ్చినా. రమ్మంటే ఎట్ల వస్తా? పిలవాల్సిన మనిషి పిలిస్తే వస్తా."

నేను తిరిగి పోయి అత్తమ్మకు ఆ మాట చెప్పాను. ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది. నేరుగా పోయి మద్దిలేటి మంచం ముందు నిలబడింది.

"రాప్పా," అంది.

"ఏమన్నావు?"

"చెవుడొచ్చిందా? రమ్మంటాండా."

"చెవుడేం రాలా. ఇంగోసారి వినాలని అడిగినా." అని పలుగూ సుత్తీ తీసుకుని లేచాడు.

పైన నడిమి అంకణం మీద ఒకచోట సిమెంటు పెచ్చు ఎత్తి, పలుగుతో జానెడు లోతు తవ్వాడు. లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు మట్టి తీసి నా అరచేతిలో పెట్టాడు.

తడి!

రోహిణి ఎండలో, పాదం మోపలేని కప్పు మీద, ముద్ద చేస్తే ముద్దయ్యే తడి మట్టి. జెస్సికా కెవ్వుమని అరిచింది. నేను ఆ ముద్దను పట్టుకుని వంటింటి వైపు పరుగెత్తాను. "ఇక్కడ కూడా, ఇక్కడ కూడా తవ్వు పెద్దాయనా!" అక్కడ పలుగు దిగలేదు. దిగిన చోట పొడిపొడిగా, తెల్లగా, ఎండిన పిండిలా రాలింది.

"సూడమ్మా," అన్నాడు మద్దిలేటి. "చౌడుకు నీళ్ళు తగిలితే ఉబ్బుతాది. ఉబ్బి సందులన్నీ మూసుకుంటాది. వాన ఎలిసినాక ఎండకు ఆరుతాది. మల్లా వాన, మల్లా ఎండ. ఇది దాని బతుకు. ఏటా పాత పై పొర గీకేసి కొత్త పొర ఏస్తే నూరేండ్లుంటాది. దానికి మీరు సిమెంటు మూత పెట్టినారు. సిమెంటు పగిలింది, నీళ్ళు దిగినాయి, మూత ఉండాది గాబట్టి ఆరేదానికి దోవ ల్యాకపాయ. నానిన మన్ను బరువు, సిమెంటు బరువు. దూలం ఏం జేస్తాది పాపం, వంగింది."

"విరగలేదా?"

"అది కొట్టి సూడాల."

కిందికి దిగి, పక్కింటి నిచ్చెన తెచ్చి వేశాం. నేను సుద్దముక్క పట్టుకున్నాను. మద్దిలేటి సుత్తి వెనక వైపుతో మొదటి దంతెను, అంటే దూలాల మీద అడ్డంగా పరిచిన కట్టెను తట్టాడు. చెవి పెట్టాడు. తల గోక్కున్నాడు. మళ్ళీ తట్టాడు.

"పోయిందనుకుంటా," అన్నాడు.

"పోలేదు," అంది గడపలోంచి అత్తమ్మ.

మేమంతా వెనక్కి తిరిగాం. ఆమె కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

"అది చండ్రకట్టె. నల్లమలది. దాని గొంతే అంత. ఇంగోటి తట్టు."

తట్టాడు. "ఇదీ మంచిదే." ఇంకొకటి. "మంచిదే." ఇంకొకటి తట్టగానే ఆమె కళ్ళు తెరిచింది. "నీ చెయ్యి మొద్దుబారింది. ఇట్లియ్యి ఆ సుత్తి!"

డెబ్బై నాలుగేళ్ళ మనిషి నిచ్చెన ఎక్కింది. కాళ్ళు నేనూ జెస్సికా పట్టుకున్నాం. రాయి పగులు పట్టాలంటే సుత్తితో తట్టి వినాలని నాయన ఆమెకు నేర్పాడు. రాయికైనా కట్టెకైనా చెవి ఒకటేనట. ఆమె తట్టుతూ పోయింది, నేను సుద్దతో గుర్తు పెడుతూ పోయాను. "ఉంది" అనగానే జెస్సికా చప్పట్లు కొట్టేది. గదిలో అన్నీ ఉన్నాయి. పడసాలలో గవాచి పక్క దంతె ఒక్కటి పోయింది. చివరికి నడిమి దూలం దగ్గరికి వచ్చాం. వంగిన దూలం. ఆమె దాన్ని తట్టలేదు. ముందు అరచేత్తో నిమిరింది. తర్వాత మూడుచోట్ల తట్టింది. ఖంగు, ఖంగు, ఖంగు. నేల మీద నిలబడిన నాకు కూడా వినపడింది. కంచుగిన్నెలా పలికింది.

ఆమె నిచ్చెన మీదే నుదురు దూలానికి ఆనించింది.

ముందరి కొట్టంలో మాత్రం రెండు దూలాలూ 'దబ్' మన్నాయి. వేలు పెడితే లోపలికి దిగింది. చెదలు.

అప్పుడే మనోజ్ ఫోన్. జెస్సికా ఫోన్లో చెప్పిన సంగతులు మా ఆయన తమ్ముడికి చేరవేసినట్టున్నారు.

"వదినా, సామాన్లు తెచ్చుకోమంటే మిద్దె తవ్వుతాండారంట ఏందీ?"

"మనోజ్, కప్పు పోలేదు. బరువు ఎక్కువై వంగిందంతే. బరువు దింపితే..."

"నువ్వు బీఏ చదివినావా, బీఈ చదివినావా? ఆ రోజు నా పెండ్లాం నెత్తిన పడింటే ఏమయ్యేది? రేపు రోడ్డున పోయేటోని మీద పడితే ఎవరు జవాబు? అమ్మను తోడకపోయి ఆ కప్పు కింద నిలబెట్టినావు సూడు, అదీ తప్పే."

అతను అరిచిందాంట్లో అబద్ధం లేదు. ఆ పెళ్ళ నిజంగా పడింది. అందుకే నేను వాదించలేదు.

"శుక్రవారం మధ్యాహ్నం దాకా టైమియ్యి. ఆ రోజు నువ్వే వచ్చి చూడు. అప్పుడు కూడా వద్దంటే నేను నోరు తెరవను."

"నోరు తెరవవా?"

"తెరవను."

"అయితే వస్తా," అన్నాడు. నా నోరు మూయించే అవకాశం అతనికి అంత తేలిగ్గా దొరకదు.

దూలానికి ప్రాణం ఉందని సుత్తి చెప్పింది. కానీ మనోజ్‌కు సుత్తి మాట వినపడదు. అతనికి కంటికి కనపడాలి. పెరుగు తోడుకుందో లేదో గిన్నె ఒంచి చూసుకునే మనిషిని నేను. నాకూ కంటికి కనపడాలి. ఆలోచించి, సంచిలోంచి కుట్టుదారం తీశాను. వంగిన దూలం కింద, ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకు, దూలం కడుపును సరిగ్గా ఆనుకునేటట్టు దారం బిగించి కట్టాను. దారానికీ దూలానికీ మధ్య వెంట్రుక కూడా దూరదు. జెస్సికాతో ఫోటో తీయించాను, తేదీ పడేటట్టు.

"ఏం మా ఇది?"

"బరువు దింపినాక దూలం పైకి లేస్తాదో లేదో చూడాల."

"లేయకపోతే?"

"అప్పుడు మీ చిన్నాయన చెప్పిందే నిజం."

గురువారం తెల్లవారేసరికి మద్దిలేటి నలుగురు మనుషులను తెచ్చాడు. ముందు పడసాలలో దూలం కింద రెండు చోట్ల పోటుకర్రలు నిలబెట్టాడు, ఆనీ ఆనకుండా. నడిమి అంకణం మీద సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంటే, కింద గంపలు అందుకోవడానికి పేటలో ఆడవాళ్ళు కూడా వచ్చేశారు. "హన్నక్క మిద్దె ఒలుస్తాండారంట" అని ఒకరికొకరు చెప్పుకుంటూ. మా ఆయన పొద్దున బస్సుకు వచ్చారు. తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి గంపలు మోశారు. ఇంట్లో నీళ్ళ క్యాను ఎత్తమంటే నడుంనొప్పి అనే మనిషి.

"నడుమెట్లుంది సార్?" అన్నాను.

"సెలవులు గదా, దానికి కూడా సెలవిచ్చినా," అన్నారు.

తడి మట్టి తీసే కొద్దీ వచ్చింది. మోకాలి లోతు. మద్దిలేటి గీకేసి వేసిన పొరలూ, గీకకుండా వేసిన పొరలూ అన్నీ బయటపడ్డాయి. "ఇది నీ పనే," అని అత్తమ్మ ఒక పొర చూపించింది. "గీకకుండా ఏసినావు, సోమరోడా." "ఆ ఏడు నాకు మలేరియాక్కా," అన్నాడు అతను. సాయంత్రానికి దంతెల మీద పరిచిన ఎండు బోదగడ్డి కనపడింది. నేను గంటకోసారి కిందికి పోయి దారం చూసి వచ్చాను. చీకటి పడేదాకా దారం దూలాన్ని ఆనుకునే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. ముందు రాత్రి లాగే ఆళ్ళగడ్డలోనే పరంజ్యోతి అక్క చెల్లెలి ఇంట్లో పడుకున్నాం. నేను పడుకున్నాననే గాని నిద్ర పోలేదు.

శుక్రవారం ఏడు గంటలకు తాళం తీసి లోపలికి పోయాను. గవాచి లోంచి పొద్దుటి వెలుతురు ఏటవాలుగా దూలం మీద పడుతోంది. దారం కిందుగా ఉంది. ముందు దారమే జారిందనుకున్నాను. మేకులు చూశాను. ముడులు చూశాను. వేలితో మీటాను. బిగువుగా టింగుమంది. దారం జారలేదు. దూలం లేచింది.

"ఏమండీ!" అని అరిచాను. అంత గట్టిగా నేను అరవడం నాకే కొత్త. శాంసన్ పళ్ళపుల్లతోనే పరుగెత్తుకొచ్చారు. జెస్సికా, అత్తమ్మ, మద్దిలేటి. అందరం తలలు పైకెత్తి నిలబడ్డాం. మా ఆయన జేబులోంచి పెన్సిలు తీసి దారానికీ దూలానికీ మధ్య దూర్చారు. దూరింది. ఇంకాస్త చోటు కూడా మిగిలింది.

"ఊపిరి పీల్చుకుంటాంది," అన్నాడు మద్దిలేటి.

అత్తమ్మ మాత్రం పెరట్లోకి పోయి మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది.

మనోజ్ పదకొండున్నరకు బైకు మీద వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే పడసాలలోకి వచ్చాడు, కప్పు మీద అతని నమ్మకం అంతమాత్రం. జెస్సికా ఫోన్లో బుధవారం ఫోటో చూపించింది. అతను ఫోటో చూశాడు, దూలం చూశాడు, మేకుల దగ్గరికి పోయి ముడులు లాగి చూశాడు.

"దారం నువ్వే దించి కట్టలేదు గదా వదినా?"

"నేను కట్టిన ముడి అది. విప్పి మళ్ళీ కడితే నీకు తెలియదు, నిజమే. కానీ నేను అట్లాంటి పని చేస్తానా?"

అతను నా మొహం చూశాడు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న మొహం. హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టాడు. బైకు తాళం దారానికీ దూలానికీ మధ్యలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరిపాడు. అయినా మొహం విప్పారలేదు.

"లేస్తే లేచింది. మరి నా షాపు? రెండేండ్లు తిరిగినా నేను. జేసీబీకి చెప్పినా. అంతా మీలో మీరే తేల్చుకుంటే నేను యాడ పోవాల?"

ఇల్లు అత్తమ్మది. ఆమె ఇంకా "సరే కానీ" అన్న మాట వెనక్కి తీసుకోలేదు. కొడుక్కిచ్చిన మాట. ఆమె ఇచ్చిన మాట తప్పడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ రెండు రోజుల సంబరమంతా నాదీ జెస్సికాదేనేమో, రేపు పొద్దున ఆ యంత్రం వచ్చి దూలాన్ని ఎత్తి రోడ్డు మీద పడేస్తుందేమో అనిపించింది.

"తిందాం రండి," అని పిలిచింది అత్తమ్మ.

పడసాలలోనే చాప పరిచాం. గవాచి కింద. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. మద్దిలేటి గడప బయట కూర్చోబోతే అత్తమ్మ, "ఈడ కూర్చో. లోపల" అని తన పక్కనే ఆకు వేయించింది. అందరం కూర్చున్నాక ఆమె కళ్ళు మూసుకుంది. మేమూ మూసుకున్నాం. భోజనం ముందు ప్రార్థన ఆమెదే. ఆమె ప్రార్థన చేస్తుంటే ఎవరూ అడ్డు రారు.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. ఈ ఆహారమును బట్టి స్తోత్రం. వండిన చేతులను దీవించు." రోజూ అక్కడితో అయిపోతుంది. ఆ రోజు అయిపోలేదు.

"తండ్రీ, ఈ మిద్దె నీకు తెలుసు. మా నాయన కట్టినాడు. నీ మందిరం కట్టకముందు ఈ పేటోళ్ళు ఈ పడసాలలోనే నీకు పాటలు పాడినారు. దీనికి సిమెంటు ఏపిచ్చింది నేను. మద్దిలేటి వద్దన్యాడు, నేను ఇన్లా. అందరివీ సిమెంటు ఇండ్లయినాయి, నాది మన్ను మిద్దె అంటాండారని సిగ్గుపడినా. అది కారడం మొదులుపెట్టినాక తప్పు నాదేనని తెలుసు. ఆ మాట ఎవురితో చెప్పల్యాక, పడితే పడనీలే అనుకున్నా. క్షమించు తండ్రీ."

నేను కళ్ళు తెరిచాను. ప్రార్థనలో కళ్ళు తెరవడం తప్పే. మద్దిలేటి చేతులు జోడించి, కళ్ళు మూసుకోవాలో వద్దో తెలియక దూలం వైపు చూస్తున్నాడు. మనోజ్ కళ్ళు తెరిచే ఉన్నాయి. తల్లి మొహాన్నే చూస్తున్నాడు.

"నా చిన్నకొడుకు భయపడినాడు ప్రభువా. పెండ్లాం నెత్తిన మన్ను పడితే ఎవడైనా భయపడతాడు. వానికి నేను సరే అన్న్యా. ఆ మాట సగం నిలుపుకుంటా, సగం తప్పుతా. రోడ్డు పక్క కొట్టం వానికిచ్చినా. దాని దూలాలు చెడినాయి, నా చెవులతో ఇన్నా. రేపు జేసీబీ వస్తాది, కొట్టం తీసేస్తాది, పోతాది. ఆడ వాడు షాపు కట్టుకోనీ, సిమెంటుతోనే కట్టుకోనీ. మిద్దె మాత్రం ఉంటాది. సిమెంటు మొత్తం ఒలిపిచ్చి, తొలకరి పడకముందే చౌడు పరిపిస్తా. పరిచేటప్పుడు నా పెద్దకొడుకు, చిన్నకొడుకు ఇద్దరూ గంపలు మోయాల."

మనోజ్ నోరు తెరిచాడు. శాంసన్ మోచేత్తో పొడిచారు. ప్రార్థన ఇంకా అయిపోలేదు.

"ఇది ఖాయం చేయమని నీ కుమారుని నామమున అడుగుతాండా తండ్రీ, ఆమెన్."

"ఆమెన్!" అంది జెస్సికా అందరికంటే గట్టిగా. "ఆమెన్," అన్నాం నేనూ శాంసన్. మద్దిలేటి కూడా అటూఇటూ చూసి, "అదేనమ్మా, అదే," అన్నాడు. అత్తమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు. ఒక్క గొంతు తక్కువైందని ఆమెకు తెలుసు.

"ఆమెన్," అన్నాడు మనోజ్. "అయితే మా, షాపుకు..."

"ఆమెన్ అన్న్యాక అయితే ఏందిరా?" అని అత్తమ్మ కళ్ళు తెరిచి, అతని సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసింది. "తిను, చల్లారిపోతాంది."